కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్‌లో గ్యాస్ దొరికిందంటారు, మళ్ళీ ఆయిల్ తగ్గిపోతోందంటారు: ఈ రెండు మాటలూ ఎలా నిజమవుతాయి?

కోనసీమలో ఏ టీ కొట్టు దగ్గర ఆయిల్ మాట వచ్చినా చివరికి అందరూ తేలేది ఒక్క ప్రశ్న దగ్గరే. "మన కాళ్ళ కింద గ్యాస్ ఉంది, మన సముద్రంలో ఉంది, మరి మన సిలిండర్ రేటెందుకు తగ్గదు, మన కరెంటు బిల్లెందుకు తగ్గదు?" దానికి తోడు వార్తలు కూడా రెండు దారుల్లో వస్తాయి. 2025 సెప్టెంబర్‌లో అండమాన్ సముద్రంలో గ్యాస్ తగిలిందని ఆయిల్ ఇండియా చెప్పింది, అదే నెలలో ఐఈఏ, అంటే అంతర్జాతీయ ఇంధన సంస్థ, ప్రపంచంలో ఉన్న ఆయిల్ ఫీల్డులు అనుకున్న దానికంటే స్పీడుగా తరిగిపోతున్నాయని పెద్ద రిపోర్టు ఇచ్చింది. ఒకటి చదివితే ఇంకేం పర్లేదు అనిపిస్తుంది, రెండోది చదివితే పదేళ్ళలో బళ్ళన్నీ ఆగిపోతాయేమో అనిపిస్తుంది. నిజానికి రెండు వార్తలూ కరెక్టే. తిరకాసంతా మనం నాలుగైదు వేరువేరు లెక్కల్ని ఒకే మూట కట్టి మాట్లాడుకోవడంలో ఉంది. ఆ మూట విప్పడానికి మన డెల్టా కంటే మంచి చోటు ఇంకోటి ఉండదని నా నమ్మకం, ఎందుకంటే ఈ కథలో జరగాల్సిన మంచీ చెడూ రెండూ ఇక్కడే జరిగాయి.

దొరికింది వేరు, పైకి తేగలిగింది వేరు, రోజుకొచ్చేది వేరు

ముందు మాటలు సర్దుకుందాం. ఫలానా చోట భూమి లోపల ఆయిలో గ్యాసో ఉందని బోరు వేసి రుజువు చేస్తే దాన్ని డిస్కవరీ అంటారు. అక్కడ మొత్తం ఎంత ఉండొచ్చో వేసే అంచనా రిసోర్సు. ఆ మొత్తంలో, ఇప్పుడున్న టెక్నాలజీతో, ఇప్పుడున్న రేటుకి గిట్టుబాటయ్యేలా పైకి తేగలిగిన భాగం మాత్రమే రిజర్వు. ఇక ప్రొడక్షన్ అంటే రోజుకి ఎంత వస్తోందన్న లెక్క. గాదెలో ఎన్ని బస్తాల వడ్లున్నాయి అనేది ఒక ప్రశ్న, రోజుకి ఎన్ని బస్తాలు మిల్లుకి తోలగలం అనేది ఇంకో ప్రశ్న, ఆ తోలడానికయ్యే కూలి పోను ఏమైనా మిగుల్తుందా అనేది మూడో ప్రశ్న. పేపర్ హెడ్డింగులో వచ్చేది ఎప్పుడూ మొదటిదే, మన జేబు మీద పడేది మాత్రం మిగతా రెండూ.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. భూమి కింద ఆయిల్ చెరువులాగా నిలబడి ఉండదు. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో, కంటికి కనపడని ఖాళీల్లో ఇరుక్కుని ఉంటుంది. సూరసాని యానాం ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ ఫీల్డులో ఆయిల్ పట్టుకుని ఉన్న రాయి, కోటి ఏళ్ళకి పైగా వెనక ఇక్కడి డెల్టా తెచ్చి పోసిన ఇసుకే, మీద పొరలు పడీ పడీ గట్టిపడింది. ఆ సందుల్లోంచి మొత్తం బయటికి రాదు, ప్రపంచం మొత్తం మీద చూస్తే సగటున మూడో వంతు చుట్టుపక్కలే ఆయిల్ పైకి వస్తుంది, మిగతాది రాయిలోనే ఉండిపోతుంది. గ్యాస్ అయితే తేలిక కాబట్టి ఎక్కువ శాతం వస్తుంది.

ఈ అంచనాలు ఎంత అటూ ఇటూ అవుతాయో చూడండి. రవ్వని ప్రభుత్వ ఆయిల్ కంపెనీ ఓఎన్జీసీ 1987లో కనిపెట్టింది, 1993లో ప్రొడక్షన్ మొదలైంది, తర్వాత కెయిర్న్ అనే కంపెనీ చేతికి, అక్కణ్ణుంచి వేదాంత కంపెనీ చేతికి వెళ్ళింది. మొదట్లో తీయగలిగింది సుమారు 10 కోట్ల బ్యారెళ్ళు అనుకున్నారు. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. తీరా చూస్తే ఇప్పటికి 30 కోట్ల బ్యారెళ్ళ పైనే వచ్చింది, అంటే మూడింతలు, పైగా ఎన్నో ఏళ్ళ పాటు రోజుకి 50,000 బ్యారెళ్ళు నిలకడగా ఇచ్చింది.

దానికి పూర్తిగా తిరగబడ్డ కథ కూడా మన ఎదురుగానే ఉంది. 2005లో గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థకి మన తీరంలోనే దీన్ దయాళ్ ఫీల్డులో 20 టీసీఎఫ్ గ్యాస్ తగిలిందని ప్రకటన వచ్చింది. టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. ఆ రోజుల్లో అది దేశంలోనే అతి పెద్దదని సంబరాలు చేశారు. లోపలికి దిగి చూస్తే రాయి బిగుతు, వేడి ఎక్కువ, ప్రెషర్ ఎక్కువ, చివరికి ఒప్పుకున్న లెక్క ఆ ప్రకటనలో పదో వంతుకి అటూ ఇటూగా తేలింది. 2017లో ఆ ఫీల్డులో 80 శాతం వాటాని ఓఎన్జీసీ ఏడున్నర వేల కోట్ల పైచిలుకు పెట్టి కొనుక్కుంది. రెండూ ఒకే బేసిన్, ఒకే సముద్రం, ఒకచోట అంచనా మూడింతలు పెరిగింది, ఇంకోచోట పదో వంతుకి పడిపోయింది. అందుకే కొత్తగా ఏదైనా దొరికిందన్న రోజున చెప్పే అంకెని నేను పెద్దగా పట్టించుకోను.

కొత్తవి దొరకడం ఎందుకు తగ్గింది

ప్రపంచంలో మహా పెద్ద ఫీల్డులు దొరికిన కాలం ఎప్పుడో దాటిపోయింది. కువైట్‌లో బుర్గాన్ 1938లో, సౌదీలో ఘవార్ 1948లో దొరికాయి. ఏడాదికి దొరికే ఆయిల్ లెక్కలో 1960ల దశకమే శిఖరం, ఆ తర్వాత కిందకే. 1980ల నుంచీ ఒక ఏడాదిలో ప్రపంచం తాగేసే ఆయిల్, ఆ ఏడాది కొత్తగా దొరికే దానికంటే ఎక్కువే ఉంటోంది. ఇప్పుడు రోజుకి 10 కోట్ల బ్యారెళ్ళ పైన వాడుతున్నాం, అంటే ఏడాదికి 3,600 కోట్ల బ్యారెళ్ళ పైమాట. ఈ మధ్య ఏళ్ళలో మామూలు పద్ధతిలో కొత్తగా దొరుకుతున్నది, గ్యాస్‌ని కూడా బ్యారెళ్ళలోకి మార్చి కలిపినా, ఏడాదికి 500 కోట్ల నుంచి 1,000 కోట్ల మధ్య ఆడుతోంది. మన దేశంలోనూ అంతే, ముంబై హై 1974లో, రాజస్థాన్‌లో మంగళ 2004లో, ఆ సైజు ఆయిల్ ఫీల్డు మళ్ళీ తగల్లేదు.

దీనికి మొదటి కారణం అందరికీ తెలిసిందే, పెద్దవీ తేలిగ్గా దొరికేవీ ముందే దొరికేశాయి. కానీ అది ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. 2014లో ఆయిల్ రేటు కుప్పకూలింది, కంపెనీలన్నీ ముందు కోసేసింది వెతుకులాట ఖర్చునే. అమెరికాలో షేల్, అంటే బిగుతు రాయిని పగలగొట్టి ఆయిల్ తీసే పద్ధతి, వచ్చాక కొత్త సముద్రాల్లో వందల కోట్లు పోసి వెతకడం కంటే తెలిసిన నేలలోనే బోర్ల మీద బోర్లు వెయ్యడం లాభమని చాలామంది అటు మళ్ళారు. మూడోది భయం, ఈ రోజు వెతకడం మొదలుపెడితే ఆయిల్ చేతికొచ్చేసరికి ఎలక్ట్రిక్ బళ్ళ కాలం వచ్చేస్తే పెట్టిన డబ్బు ఏమవ్వాలి అని. కాబట్టి దొరకట్లేదు అనే మాటలో వెతకట్లేదు అనే మాట కూడా కొంత కలిసి ఉంది. గట్టిగా వెతికిన చోట దొరికింది కూడా, 2015లో గయానా సముద్రంలో ఆయిల్ తగిలిన బ్లాకులో (బ్లాకు అంటే వెతకడానికి కంపెనీకి ఇచ్చిన ప్రాంతం) 1,100 కోట్ల బ్యారెళ్ళ దాకా ఉన్నాయంటున్నారు, 2019 డిసెంబర్ నుంచే ప్రొడక్షన్ కూడా మొదలైపోయింది.

ఆ స్పీడు అందరికీ రాదు. లైసెన్స్ ఇచ్చిన రోజు నుంచి మొదటి చుక్క దాకా సగటున దాదాపు 20 ఏళ్ళు పడుతోందని ఐఈఏ లెక్క. అది నిజమో కాదో చూడాలంటే కాకినాడ దాకా వెళ్తే చాలు. కేజీ 98/2 బ్లాకు 2005లో ఓఎన్జీసీ చేతికొచ్చింది, అందులో మొదటి ఆయిల్ 2024 జనవరి 7న వచ్చింది. రోజుకి 45,000 బ్యారెళ్ళ ఆయిలు, కోటి ఘనపు మీటర్ల గ్యాస్ లక్ష్యంగా పెట్టుకున్నారు, ప్రొడక్షన్ మాత్రం ఆ లక్ష్యానికి వెనకబడే నడిచింది.

బావికి కూడా వయసైపోద్ది

అసలు విషయం ఇక్కడుంది, దొరకడం తగ్గడం కంటే నాకు పెద్దగా కనపడేది ఇదే.

మా వైపు కొబ్బరితోటల మధ్య గ్రావెల్ రోడ్డు వేసి, చుట్టూ ఫెన్సింగ్ కట్టి, మధ్యలో మనిషి ఎత్తు దాటిన వాల్వుల దొంతర ఒకటి నిలబెట్టి ఉంటుంది, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. ఎర్ర చక్రాల్లాంటి తిప్పుడు పిడులు, పక్కన ప్రెషర్ గేజి. రిగ్గు వెళ్ళిపోయాక అక్కడ చప్పుడేం ఉండదు, మనుషులు కూడా పెద్దగా ఉండరు, గ్యాస్ తన ప్రెషర్‌తో తనే పైకొచ్చి పైపులో పడి జీసీఎస్‌కి, అంటే గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్‌కి పోతుంది. ఆ గేజి ముల్లు మొదటి ఏడాది ఉన్న చోట అయిదో ఏడాది ఉండదు. రాయి సందుల్లో ఉన్న గ్యాస్ తగ్గేకొద్దీ తోసే బలం తగ్గుద్ది, పక్కనుంచి నీళ్ళు చొరబడతాయి, ఒక్కోసారి ఇసుక కూడా వచ్చేస్తుంది, అప్పుడు కంప్రెషర్లు పెట్టాలి, పక్కన ఇంకో బోరు వెయ్యాలి, అదే గ్యాస్‌కి ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది.

ప్రపంచంలో సుమారు 15,000 ఫీల్డుల రికార్డులు చూసి ఐఈఏ తేల్చిందేంటంటే, శిఖరం దాటిన మామూలు ఆయిల్ ఫీల్డులో ప్రొడక్షన్ ఏడాదికి సగటున 5.6 శాతం పడిపోతోంది. చిన్న అంకెలాగే ఉంటుంది గానీ లెక్కేసి చూడండి. ఈ రోజు రోజుకి 1,000 బ్యారెళ్ళిచ్చే ఫీల్డు వచ్చే ఏడాదికి 944 ఇస్తుంది, అయిదేళ్ళకి 750, పన్నెండేళ్ళకి సరిగ్గా సగం, ఇరవై ఏళ్ళకి 316. లోతు సముద్రంలో అయితే తరుగు పది శాతం దాకా ఉంటోంది, అంటే ఏడేళ్ళు తిరక్కుండానే సగం. అరబ్ దేశాల్లో నేల మీదున్న మహా ఫీల్డులు మాత్రం చాలా నెమ్మదిగా తరుగుతాయి, అందుకే కాలం గడిచేకొద్దీ ప్రపంచం మళ్ళీ వాళ్ళ వైపే తిరగాల్సొస్తుంది.

ఇప్పుడు దీన్ని డబ్బులోకి మార్చండి. ఆయిల్, గ్యాస్ వెలికితీతలో ప్రపంచం ఏడాదికి పెట్టే పెట్టుబడిలో దాదాపు 90 శాతం ఈ తరుగుని పూడ్చడానికే పోతోందట, కొత్తగా పెరిగే వాడకానికి మిగిలేది పది శాతమే. అంటే వాడకం ఒక్క చుక్క కూడా పెరగకపోయినా, ఉన్నచోట ఉండటానికే ఏటేటా వందల బిలియన్ డాలర్లు పొయ్యాలి. ఆపేస్తే సప్లై ఏడాదికి రోజుకి 55 లక్షల బ్యారెళ్ళ చొప్పున తగ్గిపోతుంది, అది దాదాపు మన దేశం మొత్తం రోజువారీ వాడకంతో సమానం.

అయిపోతుందన్న జోస్యం ఒకసారి తప్పింది, ఎందుకు తప్పింది

1956లో హబ్బర్ట్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త, అమెరికాలో ఆయిల్ ప్రొడక్షన్ 1970 దగ్గర శిఖరానికి చేరి అక్కణ్ణుంచి దిగుతుందని లెక్క వేశాడు. సరిగ్గా 1970లోనే శిఖరం వచ్చింది, ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు దిగింది కూడా. దాంతో ఆ గ్రాఫుని ప్రపంచం మొత్తానికి అంటించి ఆయిల్ ఇక అయిపోవడమే అన్నవాళ్ళు ఎంతోమంది. కానీ రేటు పెరిగింది, దాంతో అప్పటిదాకా గిట్టుబాటు కాని బిగుతు రాయిని పగలగొట్టి ఆయిల్ తీసే షేల్ పద్ధతి గిట్టుబాటైంది, 2018కల్లా అమెరికా పాత రికార్డు దాటేసింది.

దీన్ని చూసి రెండు వర్గాలు రెండు రకాలుగా చెప్తాయి. రేటు పెరిగితే టెక్నాలజీ వస్తుంది, ఆయిల్ ఎప్పటికీ నిజంగా అయిపోదు అనేది ఒకరి మాట. షేల్ బావి మొదటి ఏడాదే సగానికి పైగా పడిపోతుంది, బోర్లు ఆపకుండా వేస్తూనే ఉండాలి, అది కాలాన్ని కొనుక్కోవడమే తప్ప పరిష్కారం కాదు అనేది రెండోవాళ్ళ మాట. నన్నడిగితే ఇద్దరూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నారు. ఆయిల్ చివరి చుక్క దాకా ఎవరూ తియ్యరు, తియ్యడానికయ్యే ఖర్చు కొనేవాడి స్తోమత దాటిన రోజున బావి మూతపడుద్ది, ఆ లోపల ఎంత మిగిలున్నా సరే.

డీ6 తగ్గితే వేమగిరిలో ఏమైంది

2002లో రిలయన్స్ కేజీ డీ6 బ్లాకులో గ్యాస్ కనిపెట్టినప్పుడు ఇక్కడ వచ్చిన ఊపు ఇప్పటికీ చాలామందికి గుర్తుంది. గాడిమొగలో టెర్మినల్ కట్టారు, కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు, 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందనుకున్నారు, 2010లో 6 కోట్లు దాటింది, అక్కణ్ణుంచి మూడు నాలుగేళ్ళలో నాలుగో వంతుకి జారిపోయింది. మొదట 10 టీసీఎఫ్ పైన తీయొచ్చన్న అంచనా 3 దగ్గరకి దిగింది. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి ఫీల్డులు పూర్తిగా మూతపడ్డాయి.

ఎందుకిలా అయిందన్న దాని మీద ఇప్పటికీ ఒక మాట మీదకి రాలేదు. భూమి లోపల రాయి అనుకున్నట్టు లేదు, నీళ్ళూ ఇసుకా చొరబడ్డాయి అని కంపెనీ చెప్తూ వచ్చింది. ఒప్పుకున్నన్ని బావులు వెయ్యలేదని ప్రభుత్వం ఖర్చులో కొంత భాగం ఒప్పుకోలేదు, అది ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తుల దగ్గరకి వెళ్ళింది. పక్కన ఓఎన్జీసీ బ్లాకుల్లోంచి గ్యాస్ ఇటు జారిందన్న కేసు ఇంకోటి, దాన్లో 2018లో ఆర్బిట్రేషన్ తీర్పు కంపెనీ వైపు వస్తే 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. గ్యాస్‌కి సర్వే రాళ్ళు తెలీవు, ప్రెషర్ ఎటు తక్కువుంటే అటు పోతుంది.

ఈ గొడవ కోర్టుల్లో ఎలా తేలినా, దెబ్బ మాత్రం ఆ గ్యాస్‌ని నమ్ముకున్న ప్లాంట్ల మీద అప్పుడే పడిపోయింది. గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటు 220 మెగావాట్లు రోజంతా నడవాలంటే రోజుకి సుమారు 10 లక్షల ఘనపు మీటర్లు కావాలి. రాజమండ్రి దగ్గర వేమగిరిలో కట్టిన 768 మెగావాట్ల ప్లాంటుకి ఆ లెక్కన 35 లక్షలు. ప్లాంటు రెడీ అయింది, గ్యాస్ రాలేదు. సామర్లకోటలో 2,400 మెగావాట్లని మొదలుపెట్టింది గ్యాస్ ఇవ్వక ముందే ఆగిపోయింది. దేశం మొత్తం మీద ఇలా గ్యాస్ లేక పడున్న ప్లాంట్లు 14,000 మెగావాట్ల పైనే ఉన్నాయని 2015లో కేంద్రం వాటికోసం ప్రత్యేక స్కీమే పెట్టాల్సొచ్చింది. అప్పులిచ్చినవి బ్యాంకులు, బ్యాంకుల్లో ఉన్నది మన డిపాజిట్లు. భూమి ఇచ్చిన రైతుకి ఉద్యోగం రాలేదు, అప్పిచ్చిన బ్యాంకుకి వాయిదా రాలేదు, ఒక అంచనా తప్పితే ఎంత దూరం పాకుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే నొప్పి కలిగించే ఉదాహరణ ఇంకోటి తెలీదు.

డీ6 అక్కడితో చచ్చిపోలేదు, అది కూడా చెప్పాలి. అదే బ్లాకులో కొత్త ఫీల్డులు, 2020 డిసెంబర్ నుంచి ఆర్ క్లస్టర్, తర్వాత శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే ఫీల్డు వచ్చాయి, మళ్ళీ రోజుకి 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా చేరింది. కానీ రేటు మారిపోయింది. మొదట్లో గ్యాస్ యూనిట్‌కి, అంటే పది లక్షల బీటీయూలకి (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత), 4.2 డాలర్లకే అమ్మారు, ఇప్పుడు లోతు సముద్రం గ్యాస్‌కి ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ రేటే 10 డాలర్ల చుట్టూ తిరుగుతోంది. ఆ రేటుకి గ్యాస్ కొని కరెంటు తీస్తే ఒక్క గ్యాస్ ఖర్చే యూనిట్ కరెంటుకి ఆరు రూపాయలు దాటుద్ది. అదే మధ్యాహ్నం పూట సోలార్ కరెంటు రెండున్నర రూపాయలకి దొరుకుతుంటే ఆ ప్లాంటుని ఎవరు నడుపుతారు? గ్యాస్ ఉన్నా ప్లాంటు ఖాళీగా ఉండటానికి ఇదే కారణం.

మరి మన సిలిండర్ సంగతేంటి

మొదట్లో చెప్పిన టీ కొట్టు ప్రశ్నకి జవాబు కొంత కెమిస్ట్రీ, కొంత రాజ్యాంగం. మన నేలలోంచి వచ్చేది ఎక్కువ శాతం మీథేన్, అది పైపుల్లో పోతుంది, కరెంటు ప్లాంట్లకి, యూరియా ఫ్యాక్టరీలకి, సీఎన్జీ బంకులకి, ఇళ్ళకి వచ్చే పైపు గ్యాస్‌కి. మన వంటింట్లో 14.2 కిలోల సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్, అది వేరే సరుకు, దేశానికి కావాల్సిన దాంట్లో దాదాపు 60 శాతం దిగుమతి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే. కాబట్టి పొన్నమండలో బావి పడినా సిలిండర్ రేటు సౌదీ లెక్కనే నడుస్తుంది. తాటిపాకలో చిన్న రిఫైనరీ ఉంది కదా అంటారు, నిజమే, 2001 నుంచి ఉంది, దాని కెపాసిటీ ఏడాదికి 66,000 టన్నులు. విశాఖ రిఫైనరీ కెపాసిటీ కోటిన్నర టన్నులు. ఆ తేడా చూస్తే అర్థమైపోతుంది.

ఇక రాయల్టీ, అంటే తీసిన సరుకు మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టే వాటా. నేల మీద బావి అయితే, అంటే మండపేట, పాశర్లపూడి, తాటిపాక లాంటి చోట్ల, రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలోది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది, రవ్వ అయినా డీ6 అయినా 98/2 అయినా. మన ఒడ్డుకే పైపు వచ్చినా సరే. ఇది న్యాయమా అని వాదించేవాళ్ళున్నారు. పైపు కింద భూమి మనది, రిస్కు మనది అంటారు, ఆ మాటలో బరువుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే అదుపు తప్పి ఎగజిమ్మిన బావి, 65 రోజులు మండింది, 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అటువైపు వాదన, సముద్రం ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదు, ముంబై హై ఆదాయం ఒక్క మహారాష్ట్రకే పోతే మనం ఒప్పుకుంటామా అని. ఈ రెంటి మధ్య తీరం జిల్లాలకి వేరుగా వాటా ఉండాలన్న డిమాండ్ నాకు సబబుగానే అనిపిస్తుంది.

దేశం లెక్కలో చూస్తే ఈ బావులన్నీ కలిపినా దాహం తీరదు. మన ముడి చమురు ప్రొడక్షన్ 2011–12లో 3.8 కోట్ల టన్నులు ఉండేది, ఇప్పుడు 2.9 కోట్ల టన్నుల దగ్గరకి దిగింది, వాడే దాన్లో 88 శాతం దాకా దిగుమతే. ఏడాదికి దిగుమతి సుమారు 24 కోట్ల టన్నులు, అంటే దాదాపు 178 కోట్ల బ్యారెళ్ళు. బ్యారెల్ రేటు ఒక్క డాలర్ పెరిగితే డాలర్ 85 రూపాయల లెక్కన దేశం మీద 15,000 కోట్ల భారం. ఆ ఒక్క డాలర్ ఎక్కడో యుద్ధం మాట వినపడితే ఒక్క పూటలో పెరుగుద్ది.

ముందు తగ్గేది సప్లైనా, వాడకమా

పాతికేళ్ళ క్రితం వాదన ఆయిల్ ఎప్పుడు అయిపోతుంది అని. ఇప్పుడది మారింది, ఆయిల్ అడిగేవాళ్ళు ఎప్పుడు తగ్గుతారు అని. దేశాలు ప్రకటించిన పాలసీల దారిలోనే వెళ్తే 2030 చుట్టూ వాడకం శిఖరానికి చేరుతుందని ఐఈఏ అంచనా. అదే ఐఈఏ 2025లో ఇంకో లెక్క కూడా వేసింది, ఇప్పుడున్న చట్టాలు తప్ప కొత్తగా ఏమీ రాకపోతే 2050కి రోజుకి 11.3 కోట్ల బ్యారెళ్ళకి పెరుగుద్దని. ఆయిల్ అమ్ముకునే దేశాల కూటమి ఒపెక్ అయితే 12.3 కోట్లంటోంది. ఒపెక్‌కి తన సరుకు మీద ఆశ ఉండటం సహజమే, కానీ భారత్, ఆఫ్రికా లాంటి చోట్ల కోట్ల మంది ఇంకా మొదటి బండి కొనుక్కోవాల్సే ఉందన్న వాళ్ళ మాట కొట్టిపారేసేది కాదు. ఇటువైపు 2024లో ప్రపంచంలో అమ్మిన ప్రతి అయిదు కార్లలో ఒకటి ఎలక్ట్రిక్, చైనాలో దాదాపు సగం. అది కూడా కొట్టిపారేసేది కాదు.

నాకు భయం వేసేది ఈ రెండింటి మధ్యలో. వాడకం తగ్గుద్దని నమ్మి కంపెనీలు పెట్టుబడి ఆపేసి, తీరా వాడకం తగ్గకపోతే, బావుల తరుగు మాత్రం తన పని తను చేసుకుపోతుంది, రేటు ఆకాశానికి పోతుంది. ఉల్టాగా జరిగితే, అంటే వాడకం నిజంగానే తగ్గితే, వేలకోట్లు పెట్టిన లోతు సముద్రం ప్రాజెక్టులు వేమగిరి ప్లాంటులాగే మిగిలిపోతాయి. 2008లో బ్యారెల్ 147 డాలర్లు తాకింది, 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ఒక్కరోజు సున్నా కంటే కిందకి కూడా పోయింది. ఈ మధ్యకాలం అంతా ఇలా ఊగుతూనే ఉంటుందన్నది చాలామంది ఒప్పుకునే మాట. 2025 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన లోతు సముద్ర అన్వేషణ మిషన్‌ని కూడా ఈ వెలుగులోనే చూడాలి, ఈ రోజు వెతికింది చేతికొచ్చేది 2040ల్లో.

చెరువు గట్టు మీద లెక్క

పెద్ద అంకెలు పక్కన పెట్టి భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు దగ్గరకి వద్దాం. రాత్రి పూట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుద్ది, ఏరియేటర్లు తిరగాల్సిందే. రెండు హెచ్‌పీ ఏరియేటర్ పది గంటలు తిరిగితే 15 యూనిట్లు. ఆక్వా సబ్సిడీ రేటు యూనిట్ రూపాయిన్నర వర్తించే రైతుకి 22 రూపాయల 50 పైసలు. కరెంటు పోయి జనరేటర్ వేస్తే, లీటర్ డీజిల్‌కి వచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు, లీటర్ 97 అనుకుంటే యూనిట్ ముప్పై రూపాయల దగ్గర పడుద్ది, అదే పది గంటలకి 450. ఇరవై రెట్లు. చెరువు గట్టు మీద నిలబడి ఆ జనరేటర్ చప్పుడు విన్నవాడికి ఆయిల్ రేటు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు, ఆపితే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది కాబట్టి ఎంతైనా పొయ్యాల్సిందే.

మరి దాని బదులు సోలార్ పెట్టుకోవచ్చుగా అంటే, ఏరియేటర్ అవసరమే రాత్రి. ఇదే సోలార్‌తో ఉన్న అసలు చిక్కు. ప్యానెళ్ళ రేటు 2010 నుంచి పదేళ్ళలో దాదాపు 90 శాతం పడిపోయింది, పగటి కరెంటు చవక, రాత్రికి దాచుకోవడమే ఖర్చు. బ్యాటరీ కలిపిన సోలార్ టెండర్లు దేశంలో యూనిట్ మూడు, మూడున్నర రూపాయల దగ్గర పడ్డాయి, కానీ అవి రాత్రంతా సరిపోయే బ్యాటరీలు కావు, సాయంత్రం కొన్ని గంటలకే. 2025 మధ్యకి దేశంలో కరెంటు సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అని చదివే ఉంటారు, అది సామర్థ్యం లెక్క, నిజంగా తయారయ్యే కరెంటులో వాటి వాటా నాలుగో వంతు చుట్టూనే, మిగతాదంతా ఎక్కువగా బొగ్గే. ఇక్కడ కూడా గాదె లెక్క, మిల్లు లెక్క వేరువేరే.

పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలపడం ఇంకో దారి. దిగుమతి కొంత తగ్గింది, మొక్కజొన్న, నూకలకి గిరాకీ వచ్చింది, గోదావరి రైతుకి అది మంచిదే. కానీ లీటర్ ఇథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కాస్త తగ్గుద్ది, పైగా తిండిగింజలు బండికి పోస్తే కోళ్ళ దాణా రేటు పెరుగుద్దని తణుకు వైపు పౌల్ట్రీ వాళ్ళ గోల.

కాకినాడలో మొదలవుతున్న కొత్త లెక్క

యూరియాకి మూలం అమ్మోనియా, అమ్మోనియాకి మూలం ఇప్పటిదాకా గ్యాస్‌లోని హైడ్రోజన్. కాకినాడ నాగార్జున ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి కేజీ గ్యాస్‌తోనే ఎరువు తీసింది. ఇప్పుడు అదే చోట ఏఎం గ్రీన్ కంపెనీ ఏడాదికి పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తీస్తామని 2024లో పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది, అంటే గ్యాస్ లేకుండా, సోలార్, గాలి కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీసి, దాంతో అమ్మోనియా. సరుకు ఎక్కువగా ఎగుమతికే.

దీన్ని చూసి గ్యాస్ కాలం అయిపోయిందనేవాళ్ళున్నారు, తొందరపడొద్దనేవాళ్ళున్నారు. హైడ్రోజన్ కిలో తియ్యాలంటే సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ మూడు రూపాయలైతే కరెంటు ఖర్చే 150 నుంచి 165, నాలుగున్నరైతే 225 దాటుద్ది. గ్యాస్ నుంచి తీసే హైడ్రోజన్ చాలా చోట్ల దీనికంటే చవకే, గ్యాస్ రేటు పెరిగినప్పుడు మాత్రం ఆ తేడా తగ్గుద్ది. పగలు తక్కువకి దొరికే కరెంటుని రాత్రికి దాచి ఇరవై నాలుగ్గంటలూ ఫ్యాక్టరీ తిప్పడానికి పంప్డ్ స్టోరేజి వాడుకుంటారు, నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్లది అలాంటిదే, పగటి మిగులు కరెంటుతో నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి టర్బైన్ తిప్పడం. ఆ కరెంటు రాత్రి పూట కాకినాడ గేటు దగ్గరకి ఎన్ని రూపాయలకి చేరుతుందన్న దాని మీదే అక్కడ టన్ను అమ్మోనియా రేటు ఆధారపడి ఉంది, అది గిట్టుబాటు కాని రోజున మళ్ళీ గ్యాస్ పైపు వైపే చూడాల్సొస్తుంది, అప్పటికి ఆ పైపులో ఎంత వస్తుంటుందన్నది మళ్ళీ 98/2 బావుల తరుగు లెక్క.